మంచాన పడితే పల్స్ ఎందుకు పెరుగుతుంది, ఈసీజీలో ఏం మారుతుంది

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఏడు వారాలుగా మంచం మీదే ఉంది. ఆపరేషన్‌కు ముందు 76 ఉన్న పల్స్ ఇప్పుడు పడుకుని ఉన్నా 100 ఉంటోంది. లేపి కూర్చోబెడితే గుండె దడ, కళ్లు తిరగడం. ఈసీజీ కాగితం మీద మిషన్ ‘సైనస్ టాకీకార్డియా, నాన్‌స్పెసిఫిక్ ఎస్‌టీ-టీ మార్పులు, క్యూటీ 360, క్యూటీసీ 465’ అని రాసింది. ఇన్నాళ్లు పడుకోవడం వల్ల గుండెలో కరెంటు దెబ్బతిందా? పల్స్ తగ్గే మాత్ర వేయొచ్చా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి గుండెలో కరెంటు పుట్టే చోటు, అది నడిచే దారి చెడిపోయినట్టు లేదు. ‘సైనస్’ అన్న మాటకు అర్థమే అది: కరెంటు పుట్టవలసిన చోటే పుడుతోంది. ‘టాకీకార్డియా’ అంటే పల్స్ వేగంగా ఉందని మాత్రమే. మారినవి ఆ కరెంటును నడిపించేవి, అంటే ఒంట్లో రక్తం పరిమాణం, గుండెకు వచ్చే నరాల పట్టు, రక్తంలో లవణాలు. అయితే 62 ఏళ్ల మనిషికి పడుకుని ఉండగా 100 ఉంటే, ‘మంచంలో ఉంది కదా, అంతేలే’ అని వదిలేయకూడదు. మాత్ర మాత్రం ఇప్పుడే వేయకండి. రెండింటికీ కారణాలు కింద రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మనం నిలబడి ఉన్నప్పుడు అర లీటరు నుంచి 700 మి.లీ. దాకా రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగి ఉంటుంది. పడుకోగానే అది ఛాతీలోకి తిరిగొస్తుంది. గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి, ఆ పైగదుల నుంచే ఏఎన్‌పీ అనే హార్మోన్‌ను వదిలి, మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపేస్తుంది. మొదటి కొద్ది రోజుల్లోనే రక్తంలోని ప్లాస్మా 10 నుంచి 15 శాతం తగ్గిపోతుంది. పడుకుని ఉన్నంతసేపూ ఈ లోటు పెద్దగా తెలియదు. లేచిన రోజున కాళ్లలోకి దిగాల్సిన రక్తం ఎప్పట్లాగే దిగుతుంది, పైన మిగిలేది మాత్రం చాలదు.

ఇక్కడ చిన్న లెక్క. గుండె ఒక్కో దెబ్బకు 70 మి.లీ. రక్తం పంపుతూ నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఐదు లీటర్లు. దెబ్బకు 50 మి.లీ.కి పడిపోతే అదే ఐదు లీటర్లు పంపడానికి 100 సార్లు కొట్టుకోవాలి. అంటే ఆ వేగమే ఇప్పుడు మీ అమ్మగారి బీపీని నిలబెడుతూ ఉండొచ్చు. మాత్రతో దాన్ని 75కి దించితే, దెబ్బకు పంపే రక్తం పెరగకుండానే దెబ్బలు తగ్గుతాయి. కాగితం మీద అంకె బాగుంటుంది, మనిషి మాత్రం లేవగానే పడిపోతుంది. మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్, ఐవాబ్రడిన్ ఏదైనా ఇంతే. పక్కింటివాళ్లకు పనిచేసిందని తెచ్చి వేసే మాత్రలు కావివి. ఇంకొకటి: బీపీకో వణుకుకో మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ ముందు నుంచీ వాడుతూ ఆపరేషన్ హడావిడిలో ఉన్నపళంగా ఆపేసి ఉంటే, దానివల్ల కూడా పల్స్ ఎగురుతుంది. పాత చీటీలు తీసి చూడండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మంచాన పడుకోబెట్టి కొలిచిన లెక్కలు ఉన్నాయి. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాల పాటు మంచం దిగనివ్వలేదు. ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత 1996లో అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ఆ మూడు వారాల మంచం చేసినంత నష్టం ముప్పై ఏళ్ల వయసు కూడా చేయలేదని తేలింది. అదే ఊళ్లో తర్వాత జరిగిన మరో అధ్యయనం 2001లో వెలువడింది. అందులో ఆరు వారాలు పడుకున్నవాళ్ల ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే కింది గది) కండ సుమారు 8 శాతం తరిగింది. గుండె కూడా కండే, పని తగ్గితే అదీ చిక్కిపోతుంది. చిక్కిన గుండె అంతకుముందులా సాగి రక్తం నింపుకోలేదు. ‘గుండెకు రెస్ట్ దొరుకుతోంది’ అని ఇళ్లలో అనుకునే మాట అందుకే సరికాదు. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లను కూడా నాలుగు నుంచి ఆరు వారాలు కదలనిచ్చేవారు కాదు. 1950ల మొదట్లో బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు వాళ్లను మొదటి రోజుల నుంచే కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. దాంతో ఆ పాత పద్ధతి కదిలింది.

ఇక నరాల సంగతి. గుండెలో కరెంటు పుట్టే చోటును సైనస్ నోడ్ అంటారు. దాన్ని దాని మానాన వదిలేస్తే పడుచు వయసులో నిమిషానికి 100కు పైనే కొట్టుకుంటుంది. దానికి కళ్లెం వేసి 70 దగ్గర ఉంచేది వేగస్ నరం. పడుకునే రోజులు పెరిగేకొద్దీ ఆ కళ్లెం వదులవుతుంది. పల్స్ రోజుకు దాదాపు అర దెబ్బ చొప్పున పెరుగుతుందని మిన్నెసోటాలో 1940లలోనే గమనించారు. శ్వాసతో పాటు పల్స్‌లో ఉండే సన్నటి హెచ్చుతగ్గులు కూడా తగ్గిపోతాయి. ఈసీజీలో దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం గీత గీసినట్టు ఒకేలా కనిపించడం అందుకే. లేచి నిలబడినప్పుడు బీపీని క్షణాల్లో సర్దే మెడ దగ్గరి సెన్సర్లు కూడా మొద్దుబారతాయి.

అసలు చూడాల్సింది ఇక్కడే. నోడ్ సొంత వేగం వయసుతో తగ్గుతుంది. మోటు లెక్క: 118 లోంచి వయసును 0.57తో హెచ్చించి తీసేయాలి. 62 ఏళ్లకు అది దాదాపు 83. అంటే వేగస్ పట్టు పూర్తిగా పోయిందనుకున్నా మీ అమ్మగారి నోడ్ దానంతటది 83 దగ్గర ఆగాలి. 100 కొడుతోందంటే వెనక నుంచి ఏదో తరుముతోంది. అది పైన చెప్పిన రక్తం లోటు కావచ్చు. నొప్పి, జ్వరం, యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఆపరేషన్‌లో రక్తం పోయి హిమోగ్లోబిన్ తగ్గడం, వీపున పుండు, థైరాయిడ్ కూడా కావచ్చు. వీటన్నిటికంటే ముందు తేల్చాల్సింది మాత్రం ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ.

తుంటి ఆపరేషన్ తర్వాత మంచాన ఉన్న మనిషికి పిక్క సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరడం అరుదైన సంగతి కాదు. అలా జరిగినప్పుడు ఈసీజీలో ఎక్కువగా కనిపించేది కేవలం సైనస్ టాకీకార్డియా, అచ్చం ఈ కాగితంలో ఉన్నట్టే. కుడి గుండె మీద ఒత్తిడి పెరిగితే ఛాతీ మీద పెట్టే వి1 నుంచి వి4 దాకా లీడ్లలో టీ తరంగం (కింది గదుల్లో కరెంటు సర్దుకునేటప్పుడు గీసే అల) తలకిందులవుతుంది. లీడ్ 1లో ఎస్ అనే అల, లీడ్ 3లో క్యూ అనే అల, తలకిందుల టీ కనబడొచ్చు. కొత్తగా కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలో కుడివైపు కరెంటు దారికి అడ్డు) రావచ్చు. ఇవేవీ లేకపోయినా గడ్డ లేదని చెప్పలేం. ‘నాన్‌స్పెసిఫిక్’ (ఫలానా జబ్బని తేల్చి చెప్పనివి) అని మిషన్ రాసిన మార్పులు వి1–వి4లోనే ఉన్నాయా అని, కాగితాన్ని డాక్టర్‌నే స్వయంగా చూడమనండి. ఇంట్లో మీరు చేయగలిగింది: మోకాలి కింద ముందువైపు తగిలే ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, రెండు కాళ్ల పిక్కల చుట్టుకొలత టేపుతో చూడండి. మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ రోజే డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారుతోందా అని చూసే స్కాన్) చేయించాలి. ఆపరేషన్ అయిన కాలు మామూలుగానే కొంత వాచి ఉంటుంది. అందుకే ఒక్కరోజు కొలతతో సరిపెట్టుకోకుండా రోజూ ఒకే చోట కొలిచి రాసుకోండి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, కఫంలో రక్తం, స్పృహ తప్పడం, ఆక్సిజన్ 94 కంటే దిగడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ ఆనవాళ్లు వెతికే డి-డైమర్ టెస్ట్ ఇలాంటివాళ్లలో ఎలాగూ ఎక్కువే వస్తుంది, దాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం.

ఇప్పుడు ఆ 465 గురించి. క్యూటీ అంటే కింది గదుల్లో కరెంటు మొదలై మళ్లీ పూర్తిగా సర్దుకునేదాకా పట్టే కాలం. పల్స్ పెరిగితే అది తగ్గుతుంది. అందుకే పల్స్‌ను బట్టి సరిదిద్ది క్యూటీసీ అంటారు. చాలా మిషన్లు వాడే బజెట్ పద్ధతి, పల్స్ 90 దాటితే క్యూటీసీని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. మీ అంకెలతోనే చూద్దాం. పల్స్ 100 అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 0.6 సెకను. బజెట్‌లో 360ని 0.6 వర్గమూలంతో, అంటే 0.775తో భాగిస్తారు. 465 వస్తుంది. ఫ్రిడెరిషియా పద్ధతిలో ఘనమూలంతో, అంటే 0.843తో భాగిస్తారు. 427 వస్తుంది. మనిషి ఒకరే, ఈసీజీ ఒకటే, తేడా 38 మిల్లీసెకన్లు. ఆడవాళ్లలో 460 దాటితే ఎక్కువ అంటారు, 427 మామూలే. మంచాన ఉన్నవాళ్లలో పల్స్ ఎలాగూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు తరచూ జరుగుతుంది, లేని క్యూటీ జబ్బుకు భయపడి కావలసిన మందులు ఆపేస్తుంటారు. మిషన్ అంకెను నమ్మేముందు లీడ్ 2లో గానీ వి5లో గానీ క్యూటీని స్కేలుతో కొలవాలి. చిన్న గడి 40 మిల్లీసెకన్లు, పెద్ద గడి 200.

అలాగని పడక టీ తరంగాన్ని ఏమీ చేయదని కాదు. తల భాగం ఆరు డిగ్రీలు కిందికి వంచిన మంచాల మీద ఆరోగ్యవంతులను వారాల తరబడి ఉంచి, వ్యోమగాముల కోసం ప్రయోగాలు చేస్తారు. జర్మనీలోని కొలోన్‌లో 2019లో అలా 60 రోజులు ఉంచారు. ఇలాంటి ప్రయోగాల్లో కొందరిలో టీ తరంగం ఎత్తు తగ్గడం, దెబ్బ విడిచి దెబ్బకు టీ ఆకారం అతి సూక్ష్మంగా మారడం కనిపించాయి. అంటే కరెంటు సర్దుకునే దశ కొంచెం బలహీనపడుతుంది. ఆరోగ్యవంతుడిలో అది అక్కడితో ఆగుతుంది. దానికి లవణాల తేడా, మందులు తోడైతేనే చిక్కు. 1971లో అపోలో 15 యాత్రలో జేమ్స్ ఇర్విన్ గుండె లయ తప్పి కొట్టుకుంది. పొటాషియం లోటు ఒక కారణమని భావించి, తర్వాతి అపోలో 16 వ్యోమగాములకు పొటాషియం కలిపిన ఆహారం పంపారు.

మీ ఇంట్లో దీనికి దగ్గరగా ఉండేది అమ్మగారి మందుల డబ్బా. అది విప్పి చూడండి. గ్యాస్ కోసం పాంటోప్రజోల్–డోంపెరిడోన్ క్యాప్సూల్, వాంతులకు ఓండాన్‌సెట్రాన్, ఇన్‌ఫెక్షన్‌కు లీవోఫ్లాక్సాసిన్ లేదా అజిత్రోమైసిన్, రాత్రి కలవరింతలకు హాలోపెరిడాల్ లేదా క్వెటియాపిన్, మనసు బాగోలేదని ఎస్సిటలోప్రామ్. పాంటోప్రజోల్ తప్ప ఇవన్నీ క్యూటీని సాగదీసేవే, అది మరీ సాగితే గుండె లయ తప్పొచ్చు. పాంటోప్రజోల్ నెలల తరబడి వాడితే మెగ్నీషియం తగ్గి అదే దారిలో సాయం చేస్తుంది. వాపు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ ఇస్తుంటే పొటాషియం, మెగ్నీషియం రెండూ పోతాయి. ఒక్కోటి వేరువేరు డాక్టర్లు రాసి ఉంటారు, అన్నీ కలిపి చూసినవాళ్లు ఉండరు. డబ్బా మొత్తం ఒకే డాక్టర్ ముందు పెట్టండి. డోంపెరిడోన్ చాలామందికి అలవాటుగా సాగుతున్న మందు, అది ఇంకా అవసరమా అని అడగండి.

రక్తపరీక్షలో పొటాషియం 4 నుంచి 5 మధ్య, మెగ్నీషియం 2 దగ్గర ఉంటే మంచిది. పొటాషియం తగ్గితే టీ చదునై, దాని వెనక యూ అనే చిన్న అల లేస్తుంది. మరీ ఎక్కువైతే టీ సూదిలా నిక్కుతుంది. నీరసం పోతుందని రోజుకు రెండు మూడు కొబ్బరిబోండాలు పట్టించే ఇళ్లు చాలా ఉన్నాయి. 100 మి.లీ. నీళ్లలో 200–250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగుంటే పరవాలేదు. పొటాషియంను ఒంట్లో నిలిపే టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వాడుతూ కిడ్నీ నెమ్మదించినవాళ్లకు అది ప్రమాదం. ‘క్రియాటినిన్ 0.9 ఉంది, కిడ్నీ భేషుగ్గా ఉంది’ అనుకోవడం ఇక్కడ మోసం చేస్తుంది. క్రియాటినిన్ కండలోంచి వచ్చేది. కండ కరిగిన మనిషిలో కిడ్నీ దెబ్బతిన్నా ఆ అంకె పెరగదు. డిగాక్సిన్ అనే గుండె మందు వాడుతున్నవాళ్లలో ఇది మరీ ముఖ్యం, పాత డోసే విషమై గుండె లయ తప్పుతుంది.

కాల్షియం కూడా అంతే. బరువు మోయని ఎముకలోంచి కాల్షియం రక్తంలోకి వస్తుంది. మంచాన ఉన్నవాళ్లలో, రక్తంలో కాల్షియంను పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువ ఉండటంతో రిపోర్టులో అది దాక్కుంటుంది. కాల్షియం 9.8, ఆల్బుమిన్ 2.5 అనుకోండి. ఆల్బుమిన్ 4కు ఎంత తక్కువో దాన్ని 0.8తో హెచ్చించి కలపాలి. 9.8కి 1.2 కలిపితే 11. మామూలుగా కనబడిన రిపోర్టు నిజానికి ఎక్కువ. కాల్షియం పెరిగితే క్యూటీ కురచ అవుతుంది, మూత్రం ఎక్కువ పోయి రక్తం లోటు ఇంకా పెరుగుతుంది. ఎముక అతకాలని డబుల్ డోసు కాల్షియం మాత్రలు, వారం వారం విటమిన్ డి సాషేలు ఇస్తున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

గడ్డ లేదని, ఇన్‌ఫెక్షన్ లేదని, రక్తం తగ్గలేదని తేలాక చేయాల్సిన వైద్యం ఒక్కటే: లేపడం. కాలు మీద ఎంత బరువు వేయొచ్చో ముందు ఎముకల డాక్టర్‌ను అడగండి. తుంటి కీలు మార్చిన ఆపరేషన్ అయితే తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదని చెబుతారు, అందుకని కూర్చోబెట్టే కుర్చీ ఎత్తుగా ఉండాలి, పీట గానీ నులక మంచం గానీ పనికిరావు.

మొదటి రెండు రోజులు తల వైపు ముందు 30 డిగ్రీలు, తర్వాత 60 డిగ్రీలు ఎత్తి, అరగంట చొప్పున రోజుకు మూడుసార్లు ఉంచండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను పైకీ కిందికీ పదిహేనుసార్లు ఆడించమనండి. పిక్క కండే కాళ్లలోని రక్తాన్ని పైకి తోసే పంపు. తర్వాత మంచం అంచున కాళ్లు వేలాడేసి ఐదు నిమిషాలు, తట్టుకుంటే పదిహేను దాకా పెంచండి. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే లేవడానికి పదిహేను నిమిషాల ముందు 400–500 మి.లీ. నీళ్లు తాగించండి, బీపీ కాసేపు నిలబడుతుంది. సాగే మేజోళ్లు వేసేది పడుకుని ఉండగానే, కాళ్లు దించాక వేస్తే అప్పటికే రక్తం కిందికి దిగి ఉంటుంది. తెల్లవారగానే, భోజనం చేసిన వెంటనే బీపీ ఎక్కువ పడుతుంది, ఆ వేళల్లో నిలబెట్టకండి. బెడ్‌పాన్ మీద ముక్కడం కూడా ఒక ప్రమాదం: ముక్కినప్పుడు గుండెకు రక్తం తగ్గి, వదిలినప్పుడు పల్స్ అమాంతం పడి స్పృహ తప్పొచ్చు. కమోడ్ కుర్చీ తెప్పించి, మలబద్ధకం లేకుండా చూడండి.

కొలవడం ఇలా. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, పల్స్ రాయండి. నిలబెట్టాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ రాయండి. ఇంకా నిలబడలేకపోతే కూర్చున్నప్పుడే రాయండి. పల్స్‌ను వేళ్లతో పూర్తి నిమిషం లెక్కపెట్టండి, లయ తప్పుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. చల్లబడిన వేలికి పెట్టిన ఆక్సీమీటర్ తప్పు అంకెలు చూపిస్తుంది. పై బీపీ 20 పడినా, పల్స్ పడుకున్నప్పటికంటే 30 పెరిగినా, 120 దాటినా, మొహం పాలిపోయి చెమట పట్టినా వెంటనే పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి. మర్నాడు ఒక మెట్టు వెనక నుంచి మొదలుపెట్టండి. వారమైనా ఇలాగే పడుతుంటే బీపీ మాత్రల డోసు గురించి డాక్టర్‌ను అడగండి. ఎముక విరగక ముందు 70 కిలోల మనిషికి రాసిన డోసు, ఇప్పుడు చిక్కిపోయి ప్లాస్మా తగ్గిన మనిషికి ఎక్కువవుతుంది.

ఒళ్లు కదలడం మొదలైతే ప్లాస్మా కొద్ది రోజుల్లోనే కోలుకుంటుంది. పల్స్ దిగడానికి వారాలు పడుతుంది, గుండె కండ, కాలి కండ రావడానికి నెలలు. రోజూ పొద్దున లేపకముందు పల్స్ రాసి ఉంచితే పది రోజుల్లో దిగువకు వెళుతోందో లేదో తెలుస్తుంది. మెల్లగానైనా దిగుతుంటే చాలు. కదులుతున్నా దిగకపోతే, లేదా దిగినది మళ్లీ ఎక్కితే గడ్డ, ఇన్‌ఫెక్షన్, రక్తహీనత గురించి మళ్లీ మొదటి నుంచి వెతకాలి. నాలుగు వారాలకు ఈసీజీ మళ్లీ తీయించండి. మొదటిది పడుకోబెట్టి తీసి ఉంటే ఇదీ పడుకోబెట్టే తీయాలి. భంగిమ మారితే టీ తరంగమూ మారుతుంది, అది జబ్బనుకునే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీని పక్కన పెట్టి పోల్చమనండి. ‘నాన్‌స్పెసిఫిక్’ అన్నది అప్పటికే ఉందా అన్న ప్రశ్నకు ఆ పాత కాగితం ఒక్కటే జవాబు చెబుతుంది.

ఇంకొక్కటి. ఏ కారణం చేతైనా ఈ మధ్యలో మళ్లీ ఆపరేషన్ అవసరమైతే, ఎన్ని రోజులుగా మంచం మీదే ఉందో మత్తు డాక్టర్‌కు మీరే నోరు తెరిచి చెప్పండి. రోజుల తరబడి కదలని కండలో నరం అందే చోటే కాక కండ పొడవునా కొత్త గ్రాహకాలు పుట్టుకొస్తాయి. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో శ్వాసగొట్టం వేయడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే సూది మందు ఇస్తే అవన్నీ ఒక్కసారిగా తెరుచుకుని పొటాషియం రక్తంలోకి కుమ్మరిస్తాయి, నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. తెలిస్తే దాని బదులు రొక్యూరోనియం వాడతారు. ఫైల్‌లో ఆపరేషన్ తేదీ ఉంటుంది గానీ, మంచం దిగలేదన్న మాట చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు.